మీకు తెలుసా? కారు పెట్రోలు కంటే గాలినే ఎక్కువ తాగుతుంది

రోజూ ఎక్కి దిగే కారే అయినా, బానెట్ కింద ఏం జరుగుతోందో చాలామందికి తెలియదు. నిజానికి అక్కడ జరిగేది ఒక్కటే పని. ఇంధనాన్ని మండించి వేడి పుట్టించడం, ఆ వేడిలో కొంత చక్రాలకు అందించడం, మిగిలింది ఇంజిన్‌కు హాని చేయకుండా బయటికి పంపేయడం. ఈ సంగతి ఒక్కటి మనసులో పెట్టుకుంటే కారులో ఏ భాగం ఎందుకు ఉందో తేలిగ్గా అర్థమవుతుంది.

1. లీటరు పెట్రోలుకు 11 కిలోల గాలి కావాలి

కిలో పెట్రోలు పూర్తిగా మండాలంటే దాదాపు 14.7 కిలోల గాలి అవసరం. లీటరు పెట్రోలు ముప్పావు కిలో తూగుతుంది కాబట్టి దానికి 11 కిలోల గాలి కావాలి. ఘనపరిమాణంలో చూస్తే అది సుమారు 9,000 లీటర్లు. ఎయిర్ ఫిల్టర్ దుమ్ముతో నిండిపోతే పికప్ తగ్గడానికి కారణం ఇదే.

పెట్రోలు కారులో మీరు యాక్సిలరేటర్ తొక్కినప్పుడు తెరుచుకునేది గాలి వెళ్లే దారి. ఎంత గాలి లోపలికి వస్తోందో సెన్సార్లు కొలుస్తాయి. ఆ లెక్క ప్రకారం ఎంత పెట్రోలు చిమ్మాలో కంప్యూటర్ నిర్ణయిస్తుంది.

2. నాలుగు కదలికల్లో బలమిచ్చేది ఒక్కటే

సిలిండర్‌లో పిస్టన్ మొదట కిందికి దిగుతూ గాలినీ పెట్రోలునూ లోపలికి పీలుస్తుంది. పైకి లేస్తూ ఆ మిశ్రమాన్ని నొక్కుతుంది. నిప్పురవ్వ పడగానే మిశ్రమం మండి, వేడెక్కిన వాయువులు పిస్టన్‌ను బలంగా కిందికి తోస్తాయి. మళ్లీ పైకి లేస్తూ పిస్టన్ పొగను బయటికి నెట్టేస్తుంది. ఈ పైకీ కిందికీ కదలికను క్రాంక్ షాఫ్ట్ గుండ్రటి తిరుగుడుగా మారుస్తుంది.

బలం పుట్టేది మూడో కదలికలోనే. మిగతా మూడింటినీ నడిపించడానికి బరువైన ఫ్లైవీల్ ఉంటుంది. నాలుగు సిలిండర్లుంటే, ఏ క్షణాన చూసినా ఏదో ఒకటి బలమిచ్చే దశలో ఉండేలా అమరుస్తారు. ఈ నాలుగు దశల పద్ధతితో నడిచే ఇంజిన్‌ను జర్మనీలో నికొలస్ ఒట్టో 1876లో తయారుచేశాడు.

3. సెకనుకు వందసార్లు మంట

మీటరులో ముల్లు 3,000 ఆర్‌పీఎం దగ్గర ఉందంటే క్రాంక్ షాఫ్ట్ సెకనుకు 50 సార్లు తిరుగుతోందన్నమాట. ప్రతి రెండు తిరుగుళ్లకు ఒక్కో సిలిండర్‌లో ఒకసారి మంట పుడుతుంది. అంటే నాలుగు సిలిండర్లలో కలిపి సెకనుకు వందసార్లు. అన్నిసార్లూ నిప్పురవ్వ సరైన క్షణానే పడాలి. పైగా 12 వోల్టుల బ్యాటరీతో ప్లగ్ దగ్గర రవ్వ పుట్టదు. ఇగ్నిషన్ కాయిల్ ఆ 12 వోల్టులను వేల వోల్టులకు పెంచి ప్లగ్‌కు పంపుతుంది.

4. డీజిల్ ఇంజిన్‌కు స్పార్క్ ప్లగ్ ఉండదు

సైకిల్ పంపుతో గాలి కొడుతుంటే పంపు అడుగు భాగం వేడెక్కడం మీరు గమనించే ఉంటారు. గాలిని నొక్కితే వేడెక్కుతుంది. డీజిల్ ఇంజిన్ ఈ సూత్రం మీదే నడుస్తుంది. అందులో గాలిని దాదాపు 15 నుంచి 20 రెట్లు తక్కువ చోటుకు కుదిస్తారు. ఆ గాలి 500 డిగ్రీల సెల్సియస్ దాటి వేడెక్కుతుంది. అందులోకి డీజిల్ చిమ్మగానే దానంతటదే అంటుకుంటుంది. ఎక్కువగా కుదించడం వల్లే డీజిల్ ఇంజిన్ అదే ఇంధనశక్తి నుంచి ఎక్కువ పని రాబడుతుంది. లారీలు, బస్సులు, ట్రాక్టర్లకు దాన్ని ఎంచుకోవడానికి అది ముఖ్య కారణం.

రుడాల్ఫ్ డీజిల్ తన ఇంజిన్‌ను 1897లో జర్మనీలోని ఆగ్స్‌బర్గ్‌లో విజయవంతంగా నడిపించాడు. 1900లో జరిగిన పారిస్ ప్రదర్శనలో ఒక చిన్న డీజిల్ ఇంజిన్‌ను వేరుశనగ నూనెతో నడిపి చూపించారు.

5. మనం కొన్న పెట్రోలులో చక్రాలకు చేరేది నాలుగో వంతే

మామూలు వాడకంలో పెట్రోలు శక్తిలో దాదాపు మూడు వంతులు వేడిగా పోతుంది. కొంత పొగతో, కొంత రేడియేటర్ గుండా, కొంత రాపిడిలో. సిలిండర్‌లో మంట వేడి 2,000 డిగ్రీలు దాటుతుంది. పిస్టన్ తయారయ్యే అల్యూమినియం 660 డిగ్రీలకే కరిగిపోతుంది. అయినా పిస్టన్ కరగదు. మంట సెకనులో చాలా చిన్న భాగంసేపే ఉంటుంది. ఆ వెంటనే చల్లటి గాలి లోపలికి వస్తుంది. చుట్టూ తిరిగే కూలెంట్, కిందినుంచి తగిలే ఇంజిన్ ఆయిల్ వేడిని లాగేస్తుంటాయి. ఇంజిన్ ఆయిల్ రాపిడి తగ్గించడంతోపాటు వేడిని మోసుకుపోయే పని కూడా చేస్తుంది. ఆయిల్ తగ్గిపోతే ఇంజిన్ సీజ్ అయ్యేది ఈ రెండు పనులూ ఆగిపోవడం వల్లే.

6. సైలెన్సర్ నుంచి నీళ్లు కారితే భయం వద్దు

లీటరు పెట్రోలు మండితే సుమారు 2.3 కిలోల కార్బన్ డయాక్సైడ్ వెలువడుతుంది. పెట్రోలు బరువు కంటే మూడు రెట్లు! కార్బన్ పెట్రోలుది, దానికి తోడైన ఆక్సిజన్ గాలిది. దాంతోపాటు లీటరుకు దగ్గర దగ్గరగా నీరు కూడా పుడుతుంది. అది ఆవిరిగా పోతుంది కాబట్టి మనకు కనబడదు. చలికాలం ఉదయం సైలెన్సర్ చల్లగా ఉన్నప్పుడు ఆ ఆవిరే చుక్కలుగా మారుతుంది.

7. పొగ వెళ్లే దారిలో ప్లాటినం ఉంటుంది

కార్ల కింద ఉండే క్యాటలిటిక్ కన్వర్టర్‌లో ప్లాటినం, పల్లాడియం, రోడియం వంటి ఖరీదైన లోహాలు పలుచని పూతగా ఉంటాయి. కార్బన్ మోనాక్సైడ్, కాలని ఇంధనం, నైట్రోజన్ ఆక్సైడ్లు అనే మూడు విషాలను అవి చాలావరకు హాని తక్కువ వాయువులుగా మారుస్తాయి. కానీ కొన్ని వందల డిగ్రీలు వేడెక్కితేగానీ అవి పని మొదలుపెట్టవు. మన దేశం 2020 ఏప్రిల్‌లో బీఎస్-4 నుంచి నేరుగా బీఎస్-6 ప్రమాణాలకు మారింది. వాహనాల పొగ మీద అదుపు అప్పటినుంచి మరింత బిగిసింది.

8. మలుపులో రెండు చక్రాలూ ఒకే దూరం తిరగవు

ఎడమ, కుడి చక్రాల మధ్య మీటరున్నర దూరం ఉందనుకుందాం. కారు లంబకోణంలో మలుపు తిరిగితే బయటి చక్రం లోపలి చక్రం కంటే రెండు మీటర్లకు పైగా ఎక్కువ దూరం దొర్లాలి. రెంటినీ ఒకే ఇరుసుకు బిగిస్తే ఏదో ఒకటి రోడ్డుమీద ఈడ్చుకుపోతుంది, టైర్లు అరిగిపోతాయి. రెండు చక్రాలకూ బలం అందిస్తూనే వేర్వేరు వేగాలతో తిరగనిచ్చే గేర్ల అమరికే డిఫరెన్షియల్. కారు పుట్టడానికి చాలా ముందే, 1820ల చివర్లో, ఫ్రాన్స్‌లో పెక్కూర్ అనే ఆయన ఆవిరి బండి కోసం దానికి పేటెంట్ పొందాడు.

9. ఘాట్ దిగేటప్పుడు గేర్‌లో ఉంటేనే పెట్రోలు ఆదా

న్యూట్రల్‌లో పెట్టి దిగితే ఇంధనం మిగులుతుందని చాలామంది నమ్ముతారు. ఇప్పటి ఇంజిన్లలో జరిగేది వేరు. గేర్‌లో ఉంచి యాక్సిలరేటర్ వదిలేస్తే, వేగం బాగా తగ్గేదాకా కంప్యూటర్ ఇంధనాన్ని పూర్తిగా ఆపేస్తుంది. న్యూట్రల్‌లో మాత్రం ఇంజిన్ ఆగిపోకుండా ఉండటానికి ఇంధనం మండుతూనే ఉండాలి.

అంతకంటే ముఖ్యమైంది భద్రత. బ్రేకు అంటే కారు వేగాన్ని వేడిగా మార్చే సాధనం. వేగం రెట్టింపైతే ఆ వేడి నాలుగు రెట్లవుతుంది. తిరుమల, శ్రీశైలం వంటి ఘాట్ రోడ్లలో అదేపనిగా బ్రేకు మీద కాలు ఉంచితే బ్రేకులు కాగిపోయి పట్టు తప్పుతాయి. తక్కువ గేర్‌లో దిగితే ఇంజినే బండిని పట్టి ఉంచుతుంది.

10. తొలి దూర ప్రయాణం చేసింది ఒక తల్లి

కార్ల్ బెంజ్ తన మూడు చక్రాల బండికి 1886లో పేటెంట్ తీసుకున్నాడు. 1888 ఆగస్టులో ఆయన భార్య బెర్తా ఇద్దరు కొడుకులను వెంటబెట్టుకుని మాన్‌హైమ్ నుంచి ఫోర్జ్‌హైమ్‌లోని పుట్టింటికి ఆ బండిలోనే వెళ్లింది. నూరు కిలోమీటర్ల పైచిలుకు దారి. ఇంధనం మందుల దుకాణంలో కొంది. ఇంజిన్ చల్లబడటానికి దొరికిన చోటల్లా నీళ్లు పోసింది. బ్రేకులు అరిగిపోతే చెప్పులు కుట్టేవాడి చేత తోలు వేయించింది. ఎత్తుల మీద బండిని తోయాల్సి రావడంతో, తర్వాత బండికి ఇంకో చిన్న గేర్ చేర్చారు. ఎంత బాగా తయారుచేసిన యంత్రమైనా రోడ్డు మీదికి వచ్చాకే దాని లోపాలు తెలుస్తాయని ఆమె చూపించింది.

11. నూరు కిలోమీటర్ల వేగాన్ని మొదట దాటింది ఎలక్ట్రిక్ కారే

1899 ఏప్రిల్ 29న బెల్జియం దేశస్థుడు కామిల్ జెనాట్జీ పారిస్ దగ్గర గంటకు 105.88 కిలోమీటర్ల వేగంతో బ్యాటరీ కారు నడిపాడు. ఎలక్ట్రిక్ మోటారు తనకందిన శక్తిలో వేడిగా పోగొట్టేది చాలా తక్కువ. పైగా బ్రేకు వేసినప్పుడు అదే మోటారు జనరేటరుగా మారి కొంత శక్తిని తిరిగి బ్యాటరీకి పంపగలదు.

12. వేడి ముల్లు ఎర్ర గీత చేరితే ఏం చేయాలి?

కారును పక్కకు తీసి వెంటనే ఇంజిన్ ఆపండి. రేడియేటర్ మూత మాత్రం తీయకండి. లోపల కూలెంట్ ఒత్తిడిలో ఉంటుంది కాబట్టి నూరు డిగ్రీలు దాటినా మరగదు. మూత తీయగానే ఒత్తిడి పోయి ఒక్కసారిగా పొంగి ముఖాన, చేతుల మీద పడుతుంది. పూర్తిగా చల్లారాకే కూలెంట్ ఎంత ఉందో చూసి మెకానిక్‌ను పిలవండి. ఆ ముల్లును గమనించే అలవాటు ఇంజిన్‌నే కాదు, మిమ్మల్నీ కాపాడుతుంది.