అద్దం మారింది, మరి చూపు సరిచేయించారా?

కరీంనగరం నుండి పెద్దపల్లి వైపు రాజీవ్ రహదారి మీద ప్రయాణం చేసినవారికి మా సుల్తానాబాద్ కొత్త ఊరేమీ కాదు. రోడ్డుకు అటూ ఇటూ రైసుమిల్లులు, వాటి ముందర వరుసగా నిలిచిన వడ్ల లారీలు. రామగుండం వైపు నుండి బొగ్గు లారీలు, బూడిద లారీలు వస్తుంటాయి. కరీంనగరం చుట్టుపట్ల గ్రానైటు బండలు మోసే లారీల సంగతి చెప్పనక్కరలేదు. వీటి వెనుక కారులో పోయేవారికి ఏదో ఒకనాడు ఒక చిన్న కంకరరాయి ఎగిరివచ్చి ముందు అద్దానికి తగలడం మామూలే. మా యింట కూడా అదే జరిగింది. అయితే రాయి తగిలినందుకు కాదు, ఆ తరువాత మేము చేసిన ఒక పొరపాటు వలన పెద్ద ప్రమాదం అంచుదాకా వెళ్లి వచ్చాము. మరొక కుటుంబానికి ఆ అనుభవం కలగకూడదని ఈ నాలుగు మాటలు వ్రాస్తున్నాను.

అవి నవంబరు నెలాఖరు రోజులు. వానాకాలం వరికోతలు అయిపోయి ఊరూరా వడ్లు ఆరబోసిన కాలం. హైదరాబాదు నుండి మా అమ్మాయి, అల్లుడు, ఆరేండ్ల మనవరాలు వచ్చారు. వారు కొన్న కారు కొత్త రకంది. ముందు అద్దానికి లోపలివైపు, వెనుక చూసుకునే అద్దం దగ్గర ఒక చిన్న కెమెరా ఉంటుంది. రోడ్డు మీది తెల్లగీతలను, ముందుపోయే బండ్లను, అడ్డం వచ్చే మనుషులను అది చూస్తుంది. బండి గీత దాటుతుంటే హెచ్చరిస్తుంది, స్టీరింగును కొద్దిగా తిప్పి గీతల మధ్యకు తెస్తుంది. ముందున్న బండిని గుద్దుకునేటట్లుంటే తానే బ్రేకు వేస్తుంది.

దారిలో రాయి తగిలి అద్దం మీద చిన్న చుక్క పడింది. తెల్లవారేసరికి ఆ చుక్క జానెడు గీత అయ్యింది. దగ్గరి పట్టణంలో ఒక అద్దాల దుకాణానికి తీసుకొనిపోతే సాయంత్రానికల్లా కొత్త అద్దం బిగించి ఇచ్చారు. కెమెరాను పాత అద్దం నుండి తీసి కొత్తదానికి తగిలించారు. "ఈ కెమెరాకు ఇంకేమైనా చేయాల్నా?" అని మా అల్లుడు అడిగితే, "ఏం గాదు సార్, ఎట్లున్నదాన్ని అట్లనే పెట్టినం, తీస్కపోండ్రి" అన్నారు. డాష్‌బోర్డు మీద ఏ ఎర్రదీపమూ వెలుగలేదు. మేమూ సరేననుకున్నాము.

మరునాడు నా కళ్లద్దాల పరీక్షకు కరీంనగరం బయలుదేరాము. ముందర అమ్మాయి, అల్లుడు. వెనుక మనవరాలు, నేను. ఊరు దాటిన తరువాత రోడ్డు ఎడమ అంచున చాలా దూరం వడ్లు ఆరబోసి ఉన్నాయి. బండ్లు ఎక్కకుండా వాటి చుట్టూ బండరాళ్లు పెట్టారు. కారు గీతల మధ్యనే పోతున్నది. ఉన్నట్టుండి స్టీరింగు దానంతటదే ఎడమకు లాగింది. అల్లుడు గట్టిగా పట్టి కుడికి తిప్పకపోతే ఆ రాళ్ల మీదికే పోయేవారము. "ఏమైంది?" అని అమ్మాయి అడిగేలోగానే రెండవది జరిగింది. పక్క వరుసలో లారీ ఒకటి పోతున్నది. మా ముందర ఏమీ లేదు. అయినా కారు గట్టిగా బ్రేకు వేసుకున్నది. వెనుక వస్తున్న బస్సు హారను మ్రోగిస్తూ మమ్మల్ని రాసుకుంటున్నట్టుగా పక్కనుండి వెళ్లిపోయింది. మనవరాలి నుదురు ముందు సీటుకు కొట్టుకుని బొప్పి కట్టింది. అల్లుడు కారును రోడ్డు దింపి ఆపాడు. అతని చేతులు వణుకుతున్నాయి. "మామయ్యా, నేను బ్రేకు తొక్కలేదు" అన్నాడు.

ఆ తరువాత ఆ సహాయాలన్నిటినీ మీట నొక్కి ఆపుచేసి, మెల్లగా కరీంనగరం చేరాము. అక్కడ ఒక సర్వీసు కేంద్రంలో అనుభవమున్న మెకానిక్కు విని, ఒక్కటే ప్రశ్న అడిగాడు: "ముందు అద్దం మార్చిన్రా?" అవునన్నాము. "మరి కెమెరాకు క్యాలిబ్రేషన్ చేయించిన్రా?" ఆ మాట మేము వినడం అదే మొదలు.

క్యాలిబ్రేషన్ అంటే ఏమిటి? మన రైతులకు ఈ సంగతి వేరే చెప్పనక్కరలేదు. మిల్లులో కాంటాను ఒకచోటు నుండి మరొక చోటికి జరిపితే ఏమి చేస్తారు? నేల సమంగా ఉందో లేదో చూచి, ముల్లును సున్నా మీదికి తెచ్చి, తెలిసిన తూకపురాయి పెట్టి సరిచూస్తారు. ఆ తరువాతనే వడ్ల బస్తా పెడతారు. కాంటా చెడిపోలేదు, జరిగింది అంతే. అయినా సరిచూడకుండా తూస్తే ఎవరో ఒకరు నష్టపోతారు. కారు కెమెరా కూడా అటువంటిదే. తాను ఏ ఎత్తున, ఏ వైపుకు తిరిగి ఉన్నదో దానికి లెక్క తెలిసి ఉండాలి. ఆ లెక్క మీదనే అది దూరాన్ని, దిక్కును కొలుస్తుంది. అద్దం మార్చినప్పుడు కెమెరా పట్టుకునే బిగింపు వెంట్రుకవాసి పక్కకు జరిగినా, కొత్త అద్దం కొద్దిగా వేరే వాలున కూర్చున్నా పాత లెక్క తప్పుతుంది.

వెంట్రుకవాసి తేడాకు అంత ప్రమాదమా అని మీరు అడగవచ్చు. లెక్క వేసి చూడండి. కెమెరా చూపు ఒక్క డిగ్రీ పక్కకు తిరిగితే 50 మీటర్ల దూరాన 87 సెంటీమీటర్ల తేడా వస్తుంది. 100 మీటర్ల దూరాన అది 1.75 మీటర్లు. మన పెద్ద రోడ్ల మీద ఒక వరుస వెడల్పు 3.5 మీటర్లు. అంటే సగం వరుస తేడా! పక్క వరుసలోని లారీ మన ముందరే ఉన్నట్టు కనబడుతుంది. నిజంగా ముందున్నది పక్కన ఉన్నట్టు తోస్తుంది. గంటకు 80 కిలోమీటర్ల వేగంతో పోయే కారు ఒక సెకనుకు 22 మీటర్లు పోతుంది. ఆ 100 మీటర్లు దాటడానికి అయిదు సెకన్లు కూడా పట్టదు.

ఈ క్యాలిబ్రేషన్ రెండు విధాలుగా చేస్తారు. మొదటిది నిలిపి చేసేది. కారును సమతలమైన నేల మీద నిలిపి, దాని ముందర కంపెనీ చెప్పిన దూరంలో, చెప్పిన ఎత్తులో, కారు నడిమిగీతకు సరిగ్గా ఎదురుగా నలుపు తెలుపు గుర్తులున్న ఒక బోర్డును నిలుపుతారు. కంటి డాక్టరు దగ్గర అక్షరాల బోర్డు ఉంటుంది గదా, అటువంటిదే అనుకోండి. స్టీరింగు కింద ఉండే సాకెట్టుకు ఒక చిన్న కంప్యూటరును తగిలిస్తే, కెమెరా ఆ బోర్డును చూచి తన లెక్కను సరిచేసుకుంటుంది. రెండవది నడిపి చేసేది. ఆ కంప్యూటరును తగిలించి, గీతలు స్పష్టంగా ఉన్న రోడ్డు మీద కంపెనీ చెప్పిన వేగంతో కొంతదూరం నడుపుతారు. వాన, మంచు, చెరిగిపోయిన గీతలు ఉంటే ఇది పూర్తి కాదు. కొన్ని కార్లకు మొదటిది చాలు, కొన్నిటికి రెండవది, కొన్నిటికి రెండూ కావాలి. ఏది కావాలో ఆ కారు కంపెనీ పుస్తకమే చెప్పాలి.

చేయడానికి ముందు టైర్లలో గాలి సరిగా ఉండాలి. డిక్కీలో బరువు ఉండకూడదు. చక్రాల అలైన్‌మెంటు సరిగా ఉండాలి. వడ్ల బస్తా వెనుక వేసుకొని పోతే కారు ముందు భాగం పైకి లేస్తుంది, కెమెరా ఆకాశం వైపు చూస్తుంది; ఆ స్థితిలో చేసిన లెక్క, బస్తా దింపగానే తప్పవుతుంది.

ఇటువంటి కార్లు మన దేశంలో ఇప్పుడు పెద్ద ధనవంతుల వద్దనే లేవు. 2020లో ఎం.జి. గ్లాస్టర్, 2021లో మహీంద్రా ఎక్స్‌.యు.వి. 700, 2022లో హోండా సిటీ హైబ్రిడ్, 2023లో హ్యుందాయ్ వెర్నా, టాటా హారియర్ – ఇలా ఒకదాని వెంట ఒకటి ఈ సాధనాలతో వచ్చాయి. కార్లకే కాదు, బస్సులకూ వచ్చాయి. హైదరాబాదులోని ట్రిపుల్ ఐటీ తదితర సంస్థలు కలిసి ఐరాస్టే అనే పథకం కింద 2021లో నాగపూర్ సిటీ బస్సులకు ఇటువంటి హెచ్చరిక కెమెరాలు పెట్టాయి. ఆ తరువాత తెలంగాణ ఆర్టీసీ బస్సులలోనూ పెట్టారు. ఐరోపా సమాఖ్య దేశాలలో 2024 జూలై నుండి అమ్మే కొత్త కార్లన్నిటికీ తానే బ్రేకు వేసే సాధనం తప్పనిసరి అయ్యింది. అమెరికాలో ఉన్న మన పిల్లలను అడగండి. అక్కడ అద్దం మార్చిన బిల్లులో క్యాలిబ్రేషన్‌కు వేరే పద్దు ఉండడం మామూలే.

ముందు అద్దం గాలికి అడ్డు మాత్రమే అనుకోవద్దు. అది రెండు గాజు పలకల మధ్య ఒక ప్లాస్టిక్ పొర పెట్టి అతికించినది. ఫ్రాన్సు దేశపు ఎడ్వర్డ్ బెనెడిక్టస్ 1909లో ఇటువంటి గాజుకు పేటెంటు తీసుకున్నాడు. పగిలినా ముక్కలై ముఖం మీద పడకపోవడానికి కారణం ఆ పొరయే. బండి బోల్తాపడితే పైకప్పు కుంగకుండా ఆపడంలోనూ, పక్క సీటువారి ఎయిర్‌బ్యాగుకు వెన్ను ఇవ్వడంలోనూ ఈ అద్దానికి భాగమున్నది. కాబట్టి దానిని అతికించే జిగురు బాగా పట్టేవరకు, చెప్పినంత సమయం ఆగి గాని బండిని కదపరాదు.

అద్దం మార్చవలసి వచ్చినప్పుడు ఈ ప్రశ్నలు మరువకండి:

1. ఈ దెబ్బకు అద్దం మార్చవలసిందేనా? దెబ్బ చిన్నదై, నడిపేవారి చూపుకు, కెమెరా చూపుకు అడ్డం లేకుంటే జిగురు నింపి సరిచేయవచ్చు. అయితే ఆలస్యం చేయరాదు. మన ఎండలకు కాగిన అద్దం మీద చన్నీళ్లు పోస్తే పగులు పాకుతుంది.

2. కొత్త అద్దం మా కారు కెమెరాకు తగినదేనా? చూడడానికి ఒకటిగానే ఉన్నా కెమెరా ఉన్న కారుకు, లేని కారుకు అద్దాలు వేరు.

3. క్యాలిబ్రేషన్ మీరే చేస్తారా, వేరేచోట చేయించాలా? చేసిన తరువాత కంప్యూటరు ఇచ్చే కాగితం ఇస్తారా? దీపం వెలుగలేదు గనుక అంతా బాగుందని అనుకోవద్దు. మా కారులో దీపం వెలుగలేదు.

4. ఇన్సూరెన్సు వస్తుందా? పూర్తి ఇన్సూరెన్సు ఉంటే గాజుకు తరుగుదల తీసివేయరు. అయితే మన వంతు కొంత కట్టాలి. క్లెయిము చేస్తే మరుసటి సంవత్సరపు నో క్లెయిమ్ బోనసు పోవచ్చు. క్యాలిబ్రేషన్ ఖర్చు కూడా అందులో చేరుతుందేమో ముందే వ్రాతపూర్వకంగా అడగండి.

అద్దం మార్చినప్పుడే కాదు, ముందు భాగానికి గుద్దుడు తగిలినా, చక్రాల సస్పెన్షన్ పని చేయించినా, టైర్ల సైజు మార్చినా ఇదే సంగతి అడగాలి. కొన్ని కార్లకు ముందు బంపరు దగ్గర రాడారు కూడా ఉంటుంది. బంపరు విప్పి బిగిస్తే దానినీ సరిచూడవలసి రావచ్చు.

మరొక మాట. మనలో చాలామంది కారు అద్దం పైభాగాన వాక్యం స్టిక్కరు అతికిస్తాము, అద్దానికి సిలువ వ్రేలాడదీస్తాము. భక్తితోనే చేస్తాము, తప్పు పట్టడం లేదు. కాని అది కెమెరా కంటికి అడ్డం రాకుండా చూడండి. వెనుక అద్దం మీద అతికించినా చదివేవారు చదువుతారు.

మా కారుకు కరీంనగరంలో ఆనాడు కావలసిన బోర్డు దొరకలేదు. ఆ సహాయాలన్నీ ఆపుచేసి, అల్లుడు ఒక్కడే మెల్లగా హైదరాబాదు తీసుకొనిపోయి చేయించాడు. అమ్మాయి, మనవరాలు బస్సులో వెళ్లారు. రెండు గంటల పని. కెమెరా చూపు ఎంత పక్కకు తిరిగి ఉన్నదో వారు కంప్యూటరులో చూపించారట. ఆ కాగితాన్ని అల్లుడు నాకు ఫోనులో పంపాడు.

ఆ సాధనం ఎంత సరిగా ఉన్నా దానిమీదనే భారం వేయరాదని కూడా ఆనాడే నేర్చుకున్నాము. రాత్రివేళ రోడ్డు మీది వడ్ల కుప్ప, వెనుక దీపం లేని ట్రాక్టరు ట్రాలీ, హఠాత్తుగా అడ్డం వచ్చే బర్రె – వీటన్నిటినీ అది గుర్తుపడుతుందన్న భరోసా లేదు. అది నడిపేవానికి తోడు మాత్రమే. చేతులు స్టీరింగు మీద, కండ్లు రోడ్డు మీద ఉండవలసిందే. వడ్లు ఆరబోసే మన రైతు సోదరులకు కూడా ఒక మనవి: కల్లం ఉన్నచోట కల్లంలో పోయండి. రోడ్డు మీద మీరు పెట్టిన రాయి ఎవరి బిడ్డకు తగులుతుందో చెప్పలేము.

కరీంనగరంలో ఆనాడు నా కంటి పరీక్ష కూడా అయ్యింది. కొత్త కళ్లద్దాలు ఇచ్చేటప్పుడు ఆ అమ్మాయి వాటిని నా ముఖాన పెట్టి, అక్షరాలు చదివించి, కొద్దిగా వంచి, మళ్లీ చదివించి గాని పంపలేదు. ముసలివాని కళ్లద్దాలకు ఇంత జాగ్రత్త తీసుకుంటారు. కుటుంబమంతటినీ మోసే కారు కంటికి ఆ జాగ్రత్త తీసుకోవద్దా? నుదుటి బొప్పి తగ్గిన తరువాత కూడా మా మనవరాలు కారెక్కిన ప్రతిసారీ వాళ్ల నాయనను అడుగుతుంది: "నాన్నా, కారుకు కండ్లు మంచిగున్నయా?" మీ యింట అద్దం మారినప్పుడు ఆ ప్రశ్న మీరే ముందుగా అడగండి.