నీటిజాడ తెలిసికొనుటకు ఎంత వెచ్చింపవచ్చును?

రాయలసీమ, తెలంగాణములలోని రాతినేలలందు బోరుబావి త్రవ్వింపదలచిన రైతును వేధించు ప్రశ్న యొక్కటే: నీరు పడునా, పడదా? కొందరు అరచేత కొబ్బరికాయ నుంచి చూచువారిని పిలిపింతురు. కొందరు భూమిలోనికి విద్యుత్తును పంపి రాతిపొరల నిరోధమును కొలుచు భూగర్భశాస్త్రజ్ఞుని పిలిపింతురు. ఎవరిని పిలిచినను రుసుము చెల్లింపక తప్పదు. ఆ రుసుము ఎంతవరకు తగును? దీనిని ముందుగనే లెక్కకట్టు మార్గమొకటి కలదు.

అమెరికా దేశమున హోవర్డు రైఫా అను పండితుడు 1968లో ప్రకటించిన నిర్ణయ విశ్లేషణ గ్రంథమున చమురుబావి త్రవ్వించువాని యుదాహరణముతో ఈ పద్ధతిని బోధించెను. చమురునకు బదులు నీరనుకొన్నచో మన సంగతియు నదియే.

కాగితముపై ఒక చెట్టును గీయుడు. మనము నిర్ణయింపవలసిన చోట చతురస్రమును, మన చేతిలో లేని చోట వృత్తమును ఉంచుట వాడుక. చతురస్రమునుండి రెండు కొమ్మలు: త్రవ్వించుట, మానుట. త్రవ్వించు కొమ్మ చివర వృత్తము. దానినుండి రెండు రెమ్మలు: నీరు పడుట, పడకపోవుట.

ఇక అంకెలు. ఇవి లెక్క తెలియుటకై ఊహించినవి. ఎవరి యంకెలు వారు వేసికొనవలెను. బోరునకు లక్ష రూపాయలు ఖర్చనుకొందము. నీరు పడినచో ఖర్చు పోను 2 లక్షలు మిగులును. పడనిచో లక్షయు పోవును. చుట్టుపట్ల 10 బోర్లలో 4 ఫలించినవి. అట్టి 10 బోర్లకు లాభము 8 లక్షలు, నష్టము 6 లక్షలు, మిగులు 2 లక్షలు. బోరొక్కింటికి సగటు 20,000 రూపాయలు. మానినచో సున్న.

ఇప్పుడు ఎన్నడును పొరబడని జ్ఞాని యొకడు కలడనుకొని, అతని నడుగుటయను మూడవ కొమ్మను వేయుడు. పడునన్న 4 చోట్ల త్రవ్వింతుము. పడదన్న 6 చోట్ల మానుదుము. లాభము 8 లక్షలు, నష్టము లేదు, సగటు 80,000. దీనినుండి మునుపటి 20,000 తీసివేయగా 60,000. సంపూర్ణ సమాచారపు విలువ యిదియే. పొరబాటెఱుగని మాటకు సైతము ఇంతకు మించి యీయరాదు. మానవమాత్రుడు పొరబడును గనుక అతని మాటకు విలువ ఇంకను తక్కువ.

10 బోర్లలో 9 ఫలించు చోట ఈ లెక్కయే వేసినచో, అడుగక త్రవ్వించిన సగటు 1,70,000. అడిగి త్రవ్వించిన సగటు 1,80,000. తేడా 10,000 మాత్రమే. ఏమి చెప్పినను త్రవ్వించి తీరుదునను వానికి ఏ పరీక్షయు కాసు చేయదు. నిర్ణయమును మార్చగల మాటకే వెల.

ఒక్క హెచ్చరిక. సగటు పదిమందిది, రైతుకున్నది ఒక్క బోరే. పై లెక్కలో త్రవ్వించుట మేలని తోచినను, అప్పుచేసి త్రవ్వించిన పదుగురిలో ఆరుగురు లక్ష చొప్పున పోగొట్టుకొందురు. ఆ దెబ్బకు తాళలేనివాడు సగటును నమ్మి దిగరాదు. కావున సభ్యులు కలసి పరీక్ష చేయించి ఖర్చును పంచుకొనుట మంచిది. గ్రామమున త్రవ్విన ప్రతి బోరు యొక్క చోటును, లోతును, ఫలితమును సంఘమున ఒక పుస్తకమునందు వ్రాసియుంచుట అంతకంటెను మంచిది. ఆ పుస్తకమునకు ఖర్చు స్వల్పము. చెట్టునకు వలసిన అంకెలు దానియందే దొరకును.