పట్నం పోతే రామదాసు గోడను తీసుకురండి

భద్రాచలం: పట్నం చూడబోయిన మన పల్లెలవారు చార్మినార్ ముందు ఫొటో దిగనిదే తిరిగిరారు. మంచిదే. కాని భద్రాద్రి గుడి కట్టించిన నేలకొండపల్లి కంచర్ల గోపన్నను, 1672లో గద్దెనెక్కిన తానీషా పన్నెండేళ్లు బంధించాడని చెప్పే గది గోల్కొండ కోటలో ఉంది. గోడపై రాముడు, హనుమంతుడు మొదలైన బొమ్మలను రామదాసే చెక్కాడని ప్రతీతి.

ఆ గదిలో వెలుతురు తక్కువ. ఎదురుగా ఫ్లాష్ వేస్తే చెక్కడపు గీతలు మాయమై గోడ తెల్లగా పడుతుంది. ఫ్లాష్ ఆపండి. వెలుతురు పక్కనుంచి పడేలా నిలబడి, చేయి కదలకుండా తీయండి.

కోట మెట్లెక్కలేని పెద్దలు ఇంటి దగ్గర ఎదురుచూస్తుంటారు. వారు చూడగోరేది ఆ గోడనే. ముందు గోడను తీయండి. మీ ముఖం తరువాత.