తగ్గిన నీరు ఎటు పోయింది?

పిల్లలూ, "చెరువులో నీళ్ళు తగ్గాయి" అనే మాటను ఇంగ్లీషులో చెప్పమంటే మీరు వెంటనే "డిక్రీజ్" అంటారు. తప్పు కాదు. కాని ఒకసారి అనంతపురం పక్కనున్న బుక్కరాయసముద్రం చెరువు గట్టు ఎక్కి చూడండి. 14వ శతాబ్దంలో, విజయనగర రాజుల కాలంలో కట్టిన చెరువు అది. ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్ల వాన మాత్రమే పడే ఈ సీమలో, నీరు తగ్గిందంటే చాలదు. ఎటు పోయిందో కూడా చెప్పాలి.

ఎండకు ఆవిరైపోతే "ఇవాపరేట్" అంటారు. నేలలోకి మెల్లగా ఇంకితే "సీప్" అంటారు. రెండు విధాలా చెరువు మట్టం దిగిపోతుంది. అయితే ఆవిరైన నీటిని మనం పట్టుకోలేము. ఇంకిన నీరు దిగువనున్న బావులలో మళ్ళీ ఊరవచ్చు. రైతుకు ఈ రెండు మాటలూ ఒకటి ఎలా అవుతాయి?

నిలవ రోజురోజుకూ తరిగి, చివరకు కాస్తే మిగిలితే "డ్విండిల్". వరద తీస్తే "సబ్‌సైడ్". పున్నమి తరువాత చంద్రుడు తరగడం "వేన్". సముద్రపు ఆటుకు "ఎబ్" అంటారు; మన జిల్లాకు సముద్రం లేదు గాని, మనిషి ఓపిక తగ్గినా ఆ మాటే వాడవచ్చు.

నా తరగతిలో ఒక కుర్రవాడు "అవర్ వెల్ డిక్రీజ్డ్" అని వ్రాశాడు. "బావి చిన్నదైపోయిందా, నాయనా?" అని అడిగాను. అందరూ నవ్వారు. వాడు నవ్వలేదు. "బావి అంతే ఉందండి, ఊటే సన్నగిల్లింది" అన్నాడు.

"ఎండిపోయింది" అనలేదు చూశారా! అప్పుడైతే "డ్రై అప్" అని వ్రాయవలసి వచ్చేది.