లైనక్సునకు ముందు డిస్కు పంపకము

విండోస్ 10 నకు మైక్రోసాఫ్టు వారి సాధారణ పోషణ 2025వ సంవత్సరము అక్టోబరు 14వ తేదీతో ముగిసినది. విండోస్ 11 నకు కావలసిన యోగ్యతలు లేని పాత లాప్‌టాపులు అనేక గృహములలో నున్నవి. వానిని మూలబెట్టక లైనక్సు నెలకొల్పుకొనవచ్చునా యని తలిదండ్రులు పలువురు మమ్ము అడుగుచున్నారు. నిరభ్యంతరముగా నెలకొల్పుకొనవచ్చును. 1991లో హెల్సింకీ విశ్వవిద్యాలయ విద్యార్థియైన లైనస్ టోర్వాల్డ్స్ ఆరంభించిన యీ లైనక్సు ఉచితముగా లభించును. అయితే స్థాపన మొదలుపెట్టిన కొలది నిమిషములలోనే తెరపై నొక ప్రశ్న కనబడును: డిస్కును ఎట్లు భాగింపవలెను? చదువకయే ‘సరే’ యని నొక్కువారు పెక్కురు. మేమును ఒకప్పుడట్లే చేసితిమి.

పార్టిషనన నేమి? అన్నదమ్ములు ఒక్క చేనిని పంచుకొని నడుమ గట్లు వేసికొన్నట్లు, ఒక్క డిస్కును పలు భాగములుగా నేర్పరచుటయే. ఏ భాగ మెచట మొదలై యెచట ముగియునో తెలుపు పట్టిక డిస్కు మొదట వ్రాయబడి యుండును. దానిని భాగపరిష్కార పత్రమనవచ్చును. 1983 నాటి ఎంబీఆర్ అను పాత పద్ధతిలో ప్రధాన భాగములు నాలుగింటికి మించరాదు. నేటి జీపీటీ పద్ధతిలో సాధారణముగా 128 వఱకు చోటు కలదు. అంతేగాక పట్టికకు రెండవ ప్రతి డిస్కు చివర నుండును. ఒకటి చెడినను రెండవది యాదుకొనును. కావున యూఈఎఫ్‌ఐ గల యంత్రములకు జీపీటీయే తగినది.

ఇక మా యనుభవము. మా కంప్యూటరు గదికి దానముగా వచ్చిన యొక లాప్‌టాపులో వ్యవస్థ నివసించు ‘రూటు’ భాగమునకు 15 జీబీ మాత్రమే యిచ్చి, మిగిలినదంతయు విద్యార్థుల వ్రాతలుండు ‘హోమ్’ భాగమునకు విడిచితిమి. కొన్ని నెలలు సుఖముగా గడచినవి. పిదప క్రొత్త కెర్నెలులు, క్రొత్త ఉపకరణములు చేరి రూటు నిండిపోయెను. హోమ్‌లో నూఱు జీబీలకు పైగా ఖాళీయున్నను, గట్టునకు ఆవలి నీరు ఈవలి మడికి రానట్లు, ఆ ఖాళీ రూటునకు అక్కఱకు రాలేదు. వ్యవస్థను నవీకరించుట నిలిచిపోయెను. అంతట హోమ్ యొక్క ఆరంభపు సరిహద్దును ముందుకు జరుప నెంచితిమి. పైరు నాటిన పిదప గట్టు జరుపుట యెంత కష్టమో యప్పుడు తెలిసినది. ఏలయన, ఆరంభపు హద్దు కదలవలెనన్న, లోపలి దత్తాంశమునంతయు క్రొత్తచోటికి మోయవలెను. పని గంటలకొలది సాగెను. బ్యాటరీ యంతకుముందే చెడియున్నది. నడుమ కరెంటు పోయినది. వార్షిక సంచికకై పిల్లలు వ్రాసిన వ్యాసములు, రెండేండ్ల క్రీడోత్సవముల ఛాయాచిత్రములు అందులో నుండెను. ఒక విద్యార్థిని పెన్‌డ్రైవులో కొన్ని దొరకినవి. వ్యాసములను బాలబాలికలు మఱల వ్రాసి యిచ్చిరి. ఛాయాచిత్రములను మఱల తీయుట కెట్లు వీలగును? తప్పు కరెంటుదని యప్పుడంటిమి గాని, తప్పు మా పథకముదే.

ఇప్పుడు మేము అనుసరించు పద్ధతి యిది. 256 జీబీ డిస్కు, 8 జీబీ ర్యామ్, లైనక్సు మాత్రమే యుండు యంత్రము ననుకొందము. అమ్మువారు జీబీకి నూఱు కోట్ల బైట్లు లెక్కింతురు. పెక్కు ఉపకరణములు 107,37,41,824 బైట్ల నొక జీబీగా చూపును. అందుచేత 256 అని కొన్నది 238గా కనబడును. ఎవరును మోసము చేయలేదు. అందులో మొదటి 1 జీబీ యంత్రమును మేల్కొలుపు ఈఎఫ్‌ఐ భాగమునకు, ఫ్యాట్32 రూపములో. తరువాత 50 జీబీ రూటునకు. దానిని ఆనుకొని 20 జీబీ ఎవరికిని ఈయక బీడుగా విడువవలెను. అటుపిమ్మట 10 జీబీ స్వాప్, మిగిలిన 157 హోమ్. రూటునకు, హోమ్‌నకు ఈఎక్స్‌టీ4 చాలును. ఆ బీడు చూచి పిల్లలు నవ్వుదురు. కాని రూటు నిండిన నాడు దాని చివరి హద్దును ఆ ఖాళీలోనికి పొడిగించిన చాలును. ఏ దత్తాంశమును మోయ నక్కఱలేదు.

హోమ్‌ను వేఱుచేయుట వలని లాభము మఱియొకటి. వ్యవస్థ చెడినప్పుడు రూటును తుడిచి క్రొత్తగా స్థాపింపవచ్చును. వ్రాతలు చెక్కు చెదరవు. అయితే ఆ సమయమున హోమ్ భాగమును చూపి, ‘ఫార్మాట్’ అను గడిలో గుర్తు లేకుండ చూచుకొనవలెను. 64 జీబీ వంటి చిన్న డిస్కులో మాత్రము రెండింటిని కలిపి యుంచుటయే మేలని మా యభిప్రాయము; చిన్న కమతమున గట్లే నేలను తినివేయును.

స్వాప్ ర్యామ్‌నకు రెట్టింపు ఉండవలెనని పాత మాట. నేడది యంత అవసరము కాదు. మూత మూసి, విద్యుత్తు పూర్తిగా ఆపినను పనిని యథాస్థితిలో తెఱచుకొను హైబర్నేషను కావలెనన్న, ర్యామ్‌నకు తక్కువగాకుండ ఈయవలెను. అక్కఱలేదన్నచో స్వాప్ భాగమునకు బదులు స్వాప్ ఫైలు చాలును. ఉబుంటు 2017 నాటి 17.04 నుండి అట్లే చేయుచున్నది.

విండోస్‌ను తీసివేయక ప్రక్కన లైనక్సు పెట్టువారు విండోస్ భాగమును విండోస్ లోని డిస్క్ మేనేజ్‌మెంట్ తోనే కుదింపవలెను. బిట్‌లాకర్ ఉన్నచో దాని తాళపు సంఖ్యను ముందు కాగితముమీద వ్రాసికొనవలెను. ఫాస్ట్ స్టార్టప్‌ను ఆపవలెను. ఈఎఫ్‌ఐ భాగము అప్పటికే యుండును గాన, దానినే వాడుకొనవలెను గాని తుడువరాదు.

వేఱు హోమ్ భాగము నకలు కాదు. డిస్కే చెడినచో అన్ని భాగములును ఒకేసారి పోవును. కావున గట్టు వేయుటకు ముందే వ్రాతలన్నిటిని వేఱొక డిస్కునకు ఎత్తి, అందులో నాలుగైదు తెఱచి చదివి చూడవలెను. ఇప్పుడు మా గదిలో భాగముల పేరు, పరిమాణము, క్రమము కాగితముమీద వ్రాసి, ఇద్దరు విద్యార్థులు సరిచూచిన పిదపనే మీట నొక్కుదురు. ఆ కాగితమును లాప్‌టాపు అడుగున అంటింతుము. నకలు డిస్కు గుమాస్తాగారి బీరువాలో నుండును.