ఊడిరాని అతుకు

గట్టి ప్లాస్టిక్ మీద మెత్తటి పట్టు ఎలా నిలుస్తుంది? జాతి వేరైన రెండింటిని కలపడంలో గద్వాల నేతగాళ్లది పాత అనుభవమే.

పళ్లు తోముకునే బ్రష్షును ఒకసారి తిప్పి చూడండి. బొటనవేలు ఆనే చోట రంగు మారుతుంది, చేతికి మెత్తగా తగులుతుంది. గోటితో గీకినా లేవదు. స్క్రూడ్రైవర్ పిడి, గడ్డం ట్రిమ్మర్, ఛార్జర్ తీగ ప్లగ్గులోకి దూరే చోట వంగే మెడ... అన్నిటిదీ ఇదే తీరు. చాలావాటిలో జిగురు చుక్క కూడా ఉండదు. గట్టి ముక్కను ఉక్కు అచ్చులో కూర్చోబెట్టి, కరిగించిన మెత్తటి పదార్థాన్ని దాని మీదికి ఒత్తిడితో పంపుతారు. చల్లారేసరికి రెండూ ఒకే వస్తువు. కర్మాగారాల్లో ఈ పనిని ఓవర్‌మౌల్డింగ్ అంటారు.

అసలు రబ్బరుతో ఇది ఇంత సులువు కాదు. దాన్ని గంధకంతో కలిపి వేడిలో ఉడికించాలి, ఉడికాక మళ్లీ కరగదు. వేడెక్కితే ప్లాస్టిక్‌లా పారి, చల్లారితే రబ్బరులా సాగే పదార్థాలు వచ్చాకే దారి తెరుచుకుంది. 1960ల్లో షెల్ కంపెనీ ‘క్రేటాన్’ తెచ్చింది, 1981లో మోన్‌శాంటో ‘శాంటోప్రీన్’ వచ్చింది. ఇవి మామూలు ఇంజెక్షన్ మెషీన్ మీదే నడుస్తాయి, తుక్కును మళ్లీ కరిగించుకోవచ్చు. కీళ్లవాతంతో వేళ్లు నొప్పెట్టే భార్య బెట్సీకి కూరగాయల తొక్క తీసే చాకు పట్టుకోవడం కష్టమవుతోందని అమెరికా వ్యాపారి శామ్ ఫార్బర్ లావుపాటి మెత్తని పిడులు చేయించాడు. 1990లో అవి ‘ఆక్సో గుడ్ గ్రిప్స్’ పేరుతో అంగళ్లకొచ్చాయి. ఆ పిడి శాంటోప్రీన్‌దే. మెత్తదనం సోకు కాదు, అవసరం అని వంటింటి సామాన్ల వాళ్లకు అప్పుడు తెలిసొచ్చింది.

ఎవరికి ఎవరు జత

ఈ పనిలో సగం గొడవ జత కుదర్చడమే. కింద పాలీప్రొపిలీన్ ఉంటే, పైన కూడా కాస్త పాలీప్రొపిలీన్ కలిసిన ఎస్‌ఈబీఎస్ అనే మెత్తటి రకం బాగా అంటుకుంటుంది. వేడికి రెండిటి పొడవాటి అణువులూ సరిహద్దు దాటి ఒకదానిలో ఒకటి చిక్కుకుంటాయి. అదే ముడిసరుకు గింజను కరిగించి ఏబీఎస్ అనే గట్టి ప్లాస్టిక్ మీద పోస్తే చల్లారాక తొక్కలా ఊడొస్తుంది. ఏబీఎస్‌కూ పాలీకార్బొనేట్‌కూ పాలీయురేథేన్ రకం కావాలి. నైలాన్ మీద నిలవాలంటే దానికోసమే మార్చిన రకాలు కొనాలి. ధర తక్కువని గింజ మార్చిన చిన్న షెడ్డు, నెల తిరక్కుండా తిరుగు సరుకు చూస్తుంది.

జత కుదరనప్పుడు ఆకారమే దిక్కు. ఇక్కడ గద్వాల వైపు చూడాలి. గద్వాల చీర మధ్యభాగం నూలు, అంచులూ కొంగూ పట్టు. నూలును, పట్టును కరిగించి కలపలేం. అందుకే కుప్పడం నేతలో రెండు అంచులకు రెండు నాడెలు, మధ్యకు ఒకటి, మొత్తం మూడు నాడెలు ఆడతాయి. ప్రతి వరసలో అంచు పేక వెళ్లి మధ్య పేకను కౌగిలించి వెనక్కి తిరుగుతుంది. కొంగు దగ్గర నూలు పడుగు పోగుకు పట్టు పడుగు పోగును ఒక్కొక్కటిగా చేత్తో కలుపుతారు. మెషీన్ ముందు గంట నిలబడటం గొప్పనుకునేవాళ్లు ఆ పని ఒక పూట చూడాలి.

కోటకొమ్మ అంచు సంగతి మరీ బాగుంటుంది. గోపురాల్లా లేచే ఆ పళ్లను మనం అందం అనుకుంటాం, అందమే. కానీ కలిసే గీత తిన్నగా కాక పళ్లుపళ్లుగా సాగడంతో అతుకు పొడవు పెరుగుతుంది, లాగుడంతా ఒక్క గీత మీద పడదు. మౌల్డు గీసే ఇంజినీరు గట్టి ముక్కకు గాడి, రంధ్రం, లోపలికి వెడల్పయ్యే గూడు పెట్టేదీ ఇందుకే: మెత్తటి పదార్థం అందులోకి పారి, అవతల వెడల్పై, గడ్డకట్టి, ఇక వెనక్కి రాలేదు. గద్వాల చీరలకు 2010లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. అయిజ, రాజోలితో పాటు ఇప్పటి వనపర్తి జిల్లాలోని అమరచింత, కొత్తకోటల్లోనూ మగ్గాలు ఉన్నాయి. 

చేయి తగిలితే చెడే పని

షెడ్డులో తప్పులు ఎక్కడ జరుగుతాయో చెప్పుకుందాం. పాలీయురేథేన్, నైలాన్ గాలిలోని తేమను పీల్చుకుంటాయి. డ్రయ్యర్‌లో ఆరబెట్టకుండా హాపర్‌లో పోస్తే లోపల బుడగలు, బలహీనమైన అతుకు. వానాకాలంలో ఈ తిప్పలు రెట్టింపు. అచ్చుకు అంటకుండా కొట్టే సిలికాన్ స్ప్రే గట్టి ముక్క మీద పడిందా, ఇక అంతే. వేలి జిడ్డు కూడా చాలు. మెత్తటి పొర మరీ పలచనైతే అంటుకునేలోపే చల్లారిపోతుంది, అందుకే చాలామంది ఒకటిన్నర నుంచి మూడు మిల్లీమీటర్ల మధ్య ఉంచుతారు. పొర అంచును కత్తివాదరలా పలచగా వదిలితే అక్కడి నుంచే లేస్తుంది. గట్టి ముక్కలో చిన్న మెట్టు తీసి అంచు దానిలో దిగేలా చేయాలి. కొత్తగా గీసేవాళ్లు మరిచిపోయేది ముందు ఆ మెట్టునే.

పెద్ద కంపెనీలు రెండు బ్యారెళ్ల మెషీన్ వాడతాయి. మొదటి షాట్ కాగానే అచ్చు తిరుగుతుంది, ముక్క వేడి మీదుండగానే రెండో షాట్ పడుతుంది. అతుక్కి వేడి మేలు చేస్తుంది. ఖర్చు మాత్రం లక్షల్లో. చిన్నవాళ్లు ముందు చేసిన ముక్కను చేత్తో రెండో అచ్చులో పెట్టుకుంటారు. నిదానమే, కానీ తక్కువ సంఖ్యకు ఇదే గిట్టుబాటు. నేర్చుకోవాలంటే హైదరాబాద్ చెర్లపల్లిలో కేంద్ర ప్రభుత్వ సంస్థ సిపెట్ ఉంది. వనపర్తి సంస్థానం ప్యాలెస్‌లో 1959లో మొదలైన కేడీఆర్ పాలిటెక్నిక్ గద్వాలకు ఇంకా దగ్గర.

ఆ పాలిటెక్నిక్ పిల్లలకు ప్రాజెక్టు కావాలంటే నాగర్‌కర్నూల్ పత్తి చేలల్లో వెతుక్కోవచ్చు. మందు కొట్టే పంపును పూటంతా ఒక చేత్తో ఆడిస్తారు, రెండో చేతిలో గొట్టం. ఆ మీట, ఆ గొట్టం పిడి ఎక్కువగా ఉత్త గట్టి ప్లాస్టిక్కే. చెమట చేతికి జారుతాయి. బ్రష్షుకు దొరికిన మెత్తదనం వీటికి ఎందుకు దక్కలేదంటే, కొనేవాడు పది రూపాయల తేడా చూస్తాడని అమ్మేవాడి లెక్క. ఆ లెక్క ఎవరైనా చేనుకెళ్లి సరిచూశారా అన్నది నా అనుమానం. పాలీప్రొపిలీన్ పిడి, ఎస్‌ఈబీఎస్ పొర, చేత్తో పెట్టే అచ్చు: సామగ్రి అంతే. మొదటి ముక్క రాగానే పొరను అంగుళం వెడల్పున కోసి నిలువుగా లాగి చూడాలి. పొర తునిగి ముక్కలు పిడి మీదే మిగిలితే అతుకు నిలిచినట్టు. శుభ్రంగా లేచొస్తే ముందు పిడి మీద జిడ్డో స్ప్రేనో పడిందేమో చూసుకోవాలి, ఆ తర్వాత గింజల బస్తా మీది పేరు చదవాలి.