ఓటమి నెరుగని జట్టు

అమెరికా దేశమున ఫుట్‌బాలు అనబడు ఆట, మన పాఠశాలలలో బాలురు కాలితో తన్ను బంతియాట కాదు. అందలి బంతి రెండు కొనలయందును మొనదేలి, ఒలిచిన కొబ్బరికాయను పోలియుండును. దానిని చేతబట్టి పరుగెత్తుటయు విసరుటయు ప్రధానము. పక్షమునకు పదునొకండ్రు, మైదానము నూరు గజములు. బంతి గల పక్షము నాలుగు యత్నములలో పది గజములైనను ముందునకు సాగవలయును. లేనిచో బంతి ఎదిరివారి వశమగును. అవతలి గీటు దాటినచో ఆరు పాయింట్లు. చెడుగుడులోవలె అడ్డగించి పడద్రోయుట ఇందు ధర్మమే.

ప్రతి యత్నమునను బంతి మొదట ఒక్కని చేతికి వచ్చును. అతనిని క్వార్టరుబ్యాకు అందురు. ఎవరికీయవలయునో, ఎటు విసరవలయునో నిర్ణయించువాడు అతడే. అతడు గాయపడినచో జట్టునకు కన్ను పోయినట్లే.

1972వ సంవత్సరమున ఫ్లారిడా రాష్ట్రపు మయామీ డాల్ఫిన్స్ జట్టునకు ఈ ఆపదయే కలిగెను. అంతకు ముందటి పోటీల తుది ఆటయగు సూపర్ బౌల్‌లో వారు డాలస్ జట్టుచేత 24-3గా ఓడియుండిరి. ఈ మారు వరుసగా గెలుచుచుండగా, ఐదవ ఆటలో, అక్టోబరు 15వ తేదీన, క్వార్టరుబ్యాకు బాబ్ గ్రీసీ కాలు విరిగెను.

అతని స్థానమున దిగినవాడు ఎర్ల్ మొరాల్. వయస్సు 38. బాల్టిమోరు జట్టు వలదని విడిచిన ఇతనిని శిక్షకుడు డాన్ షూలా నూరు డాలర్ల రుసుముతో తెచ్చుకొనెను. వీరిరువురును 1969 జనవరిలో బాల్టిమోరు పక్షమున సూపర్ బౌల్ ఓడిపోయినవారు. ఆనాడు మొరాల్ విసరిన బంతులు మూడు ఎదిరివారికి చిక్కగా, షూలాయే అతనిని తప్పించియుండెను.

సెలవుపెట్టిన పంతులు స్థానమున వచ్చినవాడు క్రొత్త పాఠ మారంభింపక, జరుగుచున్న పాఠమునే సాగించుట మేలని నా యభిప్రాయము. మొరాల్ అట్లే చేసెను. పరుగెత్తువారికి బంతినిచ్చి, తన బాహుబలమును పొదుపుగా వాడెను. లారీ సోంకా 1,117 గజములు, మెర్క్యురీ మోరిస్ సరిగా 1,000 గజములు పరుగెత్తిరి. ఒకే జట్టున ఇద్దరు వేయి గజములు చేరుట అదియే ప్రథమము. మోరిస్‌కు మొదట 991 మాత్రమే వ్రాసిరి. పిదప తొమ్మిది గజముల నష్టమొకటి అతనిది కాదని తేల్చి లెక్క దిద్దిరి. గుమాస్తా కలమునకును ఆటలో పాలు కలదన్నమాట! ఎదిరివారిని నిలువరించువారికి ‘పేరులేని రక్షకులు’ అని పేరు. నిక్ బుయోనికాంటి, జేక్ స్కాట్ మున్నగువారు వీరిలోనివారే.

పదునాలుగు ఆటలును గెలిచిరి. పిదప క్లీవ్‌లాండును జయించిరి. డిసెంబరు 31న పిట్స్‌బర్గులో ఆట సగమైన పిమ్మట, షూలా మొరాల్‌ను తప్పించి, స్వస్థత నొందిన గ్రీసీని దింపెను. 21-17గా గెలిచిరి గావున ఆ నిర్ణయము ఫలించినదనవలెను. కాని ఒక్క ఓటమియైన లేక జట్టును అంతవరకు మోసికొని వచ్చినవానికి అది ఎంత కష్టమైయుండును! సూపర్ బౌల్‌లోను ఆరంభమునుండి గ్రీసీయే ఆడెను. మొరాల్ అలిగి కూర్చుండలేదు. బంతిని తన్నువానికొరకు దానిని నేలపై నిలిపిపట్టు చిన్నపనిని చేయుచు మైదానమునకు వచ్చుచునే యుండెను.

1973 జనవరి 14న లాస్ ఏంజిలస్‌లో వాషింగ్టను జట్టుపై 14-0గా నుండగా, మరి రెండు నిమిషములలో ఆట ముగియుననగా, ఒక వింత జరిగెను. మొరాల్ నిలిపిన బంతిని గారో యెప్రేమియన్ తన్నెను. అది ఎదిరివారికి తగిలి వెనుకకు వచ్చెను. బంతిపై బడి ఊరకుండవలసిన యెప్రేమియన్, దానినెత్తి విసరబోయెను. అది చేయిజారి పైకెగయగా, మైక్ బాస్ పట్టుకొని గీటు దాటెను. 14-7! తక్కిన క్షణములు మయామీవారికి యుగములైయుండును. రక్షకులు నిలిచిరి. పదునేడవ విజయము లభించెను. ఎదిరివారి బంతులు రెండు పట్టిన జేక్ స్కాట్ ఆనాటి మేటి ఆటగాడుగా ఎన్నబడెను.

2007 పోటీలలో న్యూ ఇంగ్లండు జట్టు పదునెనిమిది ఆటలు వరుసగా గెలిచియు, తుది ఆట పోగొట్టుకొనెను. మొరాల్ మయామీయందే 1976 పోటీలవరకు ఆడెను. అప్పటికి అతనికి 42 ఏండ్లు.